సైనిక్ స్కూలు ఆరో తరగతి పరీక్ష: లెక్కలు బాగా చేసే పిల్ల పదాల పోలికల దగ్గర ఎందుకు తప్పుతోంది?

గోస్తనీ_తీరం
మా అమ్మాయి ఐదో తరగతి. సైనిక్ స్కూలు ఆరో తరగతి ప్రవేశ పరీక్ష తెలుగు మాధ్యమంలో రాయించాలనుకుంటున్నాం. మోడల్ పేపర్లలో లెక్కలు 50 బిట్లకు 44, 45 తగ్గకుండా చేస్తోంది. మేధాశక్తి విభాగంలో మాత్రం 25కి 14 దాటడం లేదు. మూడు పేపర్లు ముందు పెట్టుకుని చూశాను. అంకెల వరుసల్లో, బొమ్మల్లో అక్కడక్కడా తప్పుతోంది. పదాల పోలికలైతే దాదాపు అన్నీ తప్పే. నిన్నటిది ఇది:

కన్ను : చూపు :: చెవి : ?
1. శబ్దం 2. వినికిడి 3. పోగు 4. తల

శబ్దం అని పెట్టింది. "చెవితో వినేది శబ్దమే కదా అమ్మా" అంది. అది తప్పని నాకు తెలుసు. ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. "నేను చెప్పింది కూడా నిజమే" అని పెన్సిలు పక్కన పెట్టేసి, కళ్ల నిండా నీళ్లతో లేచి వెళ్లిపోయింది. ఈ పోలికలు పిల్లలకు ఎలా నేర్పుతారు? మీ ఇళ్లలో ఎలా చేశారో చెప్పండి.

లెక్కల_మాస్టారు
సంబంధాల పట్టిక కంఠతా పట్టించండి. భాగం, మొత్తం. పనివాడు, పనిముట్టు. జంతువు, దాని పిల్ల. కారణం, ఫలితం. పర్యాయపదం, వ్యతిరేకపదం. పదిహేను రకాలు దాటవు. బిట్టు చూడగానే ఇది ఏ రకమో గుర్తుపట్టడం వస్తే సగం పని అయిపోయినట్టే. నా దగ్గర చదివే పిల్లలకు ఇలాగే చెబుతాను.

మదనపల్లె_టమాటా
మా బామ్మను అడిగితే ఆ బిట్టుకు జవాబు పోగు అనే చెప్పేది. చూపుకు కాటుక ఎంతో చెవికి పోగు అంత అని.

తెలుగు_టీచరమ్మ
గోస్తనీ గారూ, మీ అమ్మాయి చెప్పింది నిజమే. అందుకే ఆమెకు కోపం వచ్చింది. ముందు ఆ మాట ఒప్పుకోండి. ఇక్కడ అడిగేది నిజమా అబద్ధమా అని కాదు, మొదటి జంట మధ్య ఉన్న సంబంధమే రెండో జంట మధ్య కూడా ఉందా అని.

నేను పిల్లల చేత ఒక పని చేయిస్తాను. జవాబులను అరచేత్తో మూసేసి, మొదటి జంటతో నోటితో ఒక వాక్యం చెప్పమంటాను. "కన్ను చేసే పని చూపు." అదే వాక్యంలో కన్ను తీసేసి చెవి పెట్టాలి. "చెవి చేసే పని..." ఇక్కడ ఆగినప్పుడు పిల్ల నోటి నుంచి వచ్చేది వినికిడే. చెవి చేసే పని శబ్దం అని ఏ పిల్లా అనదు. ఆ తరువాతే చెయ్యి తీయాలి.

మీ అమ్మాయి ముందు జవాబులు చదివింది. చెవి పక్కన శబ్దం కనబడగానే ఆ రెండింటికీ చుట్టరికం కలిపేసింది. మొదటి జంటను చూడనే లేదు. తప్పు అక్కడ జరిగింది.

గోస్తనీ_తీరం
అరచేత్తో మూయడం ఈ రాత్రే చేయిస్తాను. ఆమె చెప్పింది నిజమే అని కూడా చెబుతాను. నేను నిన్న ఆ మాట అనలేదు.

లెక్కల_మాస్టారు
టీచరమ్మ గారు చెప్పింది బాగుంది గానీ, 150 నిమిషాల్లో 125 బిట్లు. బిట్టుకు 72 సెకన్లు. లెక్కలకు ఎక్కువ సమయం కావాలి కాబట్టి మేధాశక్తి బిట్టుకు అర నిమిషం మించి ఇవ్వకూడదు. అంతలో వాక్యాలు కట్టుకుంటూ కూర్చుంటే ఎలా?

తెలుగు_టీచరమ్మ
వాక్యం చెప్పడానికి మూడు సెకన్లు చాలు మాస్టారూ. మీ పట్టికలో వెతకడానికే ఎక్కువ పడుతుంది. పైగా పట్టిక మోసం చేస్తుంది. ఈ బిట్టు చూడండి.

పుస్తకం : పుటలు :: పువ్వు : ?
1. తొడిమ 2. రేకలు 3. తీగ 4. తేనె

పట్టిక చదివిన పిల్లవాడు "మొత్తం, భాగం" అంటాడు. తొడిమ పువ్వులో భాగం కాదా? రేకలు భాగం కాదా? రెండూ భాగాలే. అక్కడ ఇరుక్కుంటాడు. అప్పుడు వాక్యాన్ని బిగించాలి. "ఒకే రకం పుటలు ఎన్నో కలిస్తే పుస్తకం." అలాగే, ఒకే రకం రేకలు ఎన్నో కలిస్తే పువ్వు. తొడిమ ఒక్కటే ఉంటుంది కాబట్టి తప్పుకుంటుంది. మొదటి వాక్యం వదులుగా ఉండి రెండు జవాబులు సరిపోతే, వాక్యాన్ని ఇంకొంచెం బిగించడం. నేను నేర్పేది ఇంతే.

లెక్కల_మాస్టారు
తొడిమ ఉదాహరణ ఒప్పుకుంటున్నాను. అయినా పట్టిక వద్దనను. వాక్యం తోచని పిల్లవాడికి అది ఊతకర్ర.

నవోదయ_ఆశ
మావాడు నవోదయ, సైనిక్ స్కూలు రెండూ రాస్తున్నాడు. నవోదయకు కూడా ఈ పదాల పోలికలు చేయించాలా?

పాతకాపు_కోరుకొండ
నవోదయలో మానసిక సామర్థ్యం 40 బిట్లూ బొమ్మలే. బొమ్మల పోలికలు ఉంటాయి, పదాలవి ఉండవు. సైనిక్ స్కూలు పరీక్షలోనే పదాలు, అంకెలు, బొమ్మలు కలిపి ఇస్తారు. రెంటికీ ఒకే పుస్తకం పెట్టి చదివించకండి.

భాగ్యనగరి_నాన్న
గోస్తనీ గారూ, మాధ్యమం ఇంగ్లిషుకు మార్చండి. మా అనుభవం చెబుతాను. మా అబ్బాయి చదివేది ఇంగ్లిషు మాధ్యమం బడిలో. మాధ్యమం తెలుగు అయితే భాష విభాగం కూడా తెలుగులోనే వస్తుంది, సులువుగా ఉంటుందని తెలుగు పెట్టించాం. మోడల్ పేపరులో ఈ బిట్టు వచ్చింది.

ఉష్ణమాపకం : ఉష్ణోగ్రత :: భారమితి : ?
1. బరువు 2. పీడనం 3. ఎత్తు 4. తేమ

వాడికి థర్మామీటర్ తెలుసు, బారోమీటర్ తెలుసు. భారమితి అంటే బారోమీటర్ అని తెలియదు. భారం అంటే బరువు కదా అని బరువు పెట్టి వచ్చాడు. సంబంధం పట్టుకున్నాడు, ఆలోచనలో తప్పు లేదు. మాట దగ్గర పడిపోయాడు. అదే ఇంగ్లిషులో ఇస్తే క్షణంలో చేసేవాడు. ఎలాగూ సైనిక్ స్కూల్లో చేరాక బోధనంతా ఇంగ్లిషులోనే.

తెలుగు_టీచరమ్మ
మీ అబ్బాయి విషయంలో మీరు చెప్పింది సబబే. అందరి విషయంలో కాదు. బడిలో ఏ భాషలో చదివితే ఆ భాషలోనే పరీక్ష రాయాలి. తెలుగులో చదివే పిల్లకు భారమితి పాఠంలో వచ్చిన మాట, బారోమీటరే కొత్త. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో 2020 నుంచి ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లిషు ఇస్తున్నారు. ఆ రెండు పుటలూ పక్కపక్కన పెట్టి విజ్ఞానశాస్త్రం మాటలన్నీ ఒక నోటు పుస్తకంలో రాయించండి. నాలుగు ఆదివారాల పని.

ఫౌజీ_ఇల్లు
గోస్తనీ గారి అమ్మాయి ఏ మాధ్యమం బడిలో చదువుతోందో ఎవరూ అడగలేదు!

గోస్తనీ_తీరం
మూడో తరగతి దాకా ఊళ్లో తెలుగులోనే. గత రెండేళ్లుగా ఇంగ్లిషు మాధ్యమం. లెక్కలు ఏ భాషలో ఇచ్చినా చేస్తుంది. కథల పుస్తకాలు మాత్రం తెలుగువే చదువుతుంది. అందుకే తెలుగు అనుకున్నాం.

ఫౌజీ_ఇల్లు
అయితే తెలుగే మంచిది. మా పెద్దబ్బాయిదీ అదే పరిస్థితి. దరఖాస్తు నింపే ముందు రెండు భాషల్లోనూ ఒక్కో మోడల్ పేపరు రాయించి చూశాం. తెలుగులో ఏడు మార్కులు ఎక్కువ వచ్చాయి. మనం అనుకోవడం కాదు, రాయించి చూడాలి.

పాతకాపు_కోరుకొండ
కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాణ్ని. మాది చేనేత ఇల్లు. గదిలో సగం మగ్గమే. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా మాస్టారు ఇంటికి వచ్చి ఇలాంటి బిట్లు చెప్పేవారు. ఒకరోజు "నేతగాడు : మగ్గం :: కుమ్మరి : ?" అని అడిగారు. పక్కింటి కుర్రాడు కుండ అన్నాడు. నేను సారె అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి ఎలా చెప్పావురా అని అడిగారు. నాకు అందులో కష్టం ఏమీ కనబడలేదు. మగ్గం మీద కూర్చుని నాన్న నేస్తాడు, సారె ముందు కూర్చుని వీధి చివర కుమ్మరి తాత కుండ చేస్తాడు. మగ్గం అమ్ముకునే వస్తువు కాదు, పని జరిగే చోటు. అమ్మేది చీర. కాబట్టి కుండ చీరకు జత అవుతుంది గానీ మగ్గానికి కాదు.

ఆ రోజు మాస్టారు నాన్న చేతిలోని నాడె తీసుకుని, పడుగు పోగుల మధ్య నుంచి అది అటూ ఇటూ ఎలా పోతుందో చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. వెళ్లేటప్పుడు నాన్నతో "మీవాడికి నేను కొత్తగా చెప్పేది ఏమీ లేదు, మీరు చెప్పేవన్నీ చెప్పండి" అన్నారు.

పుస్తకాలు కొనండి, వద్దనను. దాంతోపాటు పిల్లలను కొలిమి దగ్గరికి, కుమ్మరి వాము దగ్గరికి తీసుకెళ్లండి. మాట కంటితో చూసిందైతే సంబంధం దానంతట అదే వస్తుంది.

మదనపల్లె_టమాటా
పాతకాపు గారి పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. రేపు పిల్లలతో కుమ్మరి వీధికి ప్రయాణమట. నన్ను కూడా రమ్మంది.

భాగ్యనగరి_నాన్న
పాతకాపు గారూ, చదివితే మనసు నిండింది. కానీ మేము ఉండేది ఎనిమిదో అంతస్తులో. సారె ఎక్కడ చూపించను? "కాడి : ఎద్దు :: జీను : ?" అని వచ్చింది ఒకసారి. జీను గుర్రానిదని వాడికి బొమ్మల పుస్తకంలో చూసి తెలుసు. కాడి మాత్రం వినలేదు. మొదటి జంటే తెలియకపోతే మీరు చెప్పే వాక్యం ఎలా కడతాడు? పల్లెటూరి మాటలు తెలియని పిల్లల తెలివిని ఇలా కొలవడం అన్యాయం కాదా?

ఎడిసన్_నుంచి
భాగ్యనగరి గారు అడిగిందే ఇక్కడ అమెరికాలోనూ అడిగారు. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్‌లో ఒకప్పుడు ఒక పోలిక వచ్చింది. పరుగువీరుడికి మారథాన్ ఎలాగో, తెడ్డు వేసేవాడికి ఏది అలాగ? జవాబు రెగట్టా. అంటే పడవ పందెం. పడవ పందేలు చూసేది డబ్బున్న ఇళ్ల పిల్లలు, మిగతావారికి ఆ మాట ఎలా తెలుస్తుందని పెద్ద గొడవ అయింది. 2005లో శాట్ నుంచి పోలికలే తీసేశారు.

కానీ ప్రైవేటు మిడిల్ స్కూళ్ల ప్రవేశానికి పిల్లలు రాసే ఎస్‌ఎస్‌ఏటీలో ఉంచారు. మా అమ్మాయి ఆరో తరగతిలో రాసింది. భాష విభాగం 60 బిట్లు, 30 నిమిషాలు. 30 సమానార్థకాలు, 30 పోలికలు. బిట్టుకు అర నిమిషం! ఐదు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి, తప్పు పెడితే పావు మార్కు కోత.

టీచరమ్మ గారు చెప్పిన వాక్యం పద్ధతే ఇక్కడా నేర్పుతారు. మొదటి జంట తెలియనప్పుడు చేయవలసింది ఇంకొకటి ఉంది. వెనుక నుంచి రావడం. ఒక్కో జవాబుతో జీనును కలిపి చూడాలి. జీను, గుర్రం: గట్టి సంబంధం. జీను, గడ్డి: ఏమీ లేదు. జీను, పొలం: ఏమీ లేదు. కాడి అంటే ఏమిటో తెలియకపోయినా గుర్రం దొరుకుతుంది. అన్నిసార్లూ దొరకదు గానీ, ఖాళీ వదలడం కన్నా నయం.

లెక్కల_మాస్టారు
ఎడిసన్ గారి మాటకు ఒకటి కలుపుతున్నాను, అందరూ గుర్తుపెట్టుకోండి. సైనిక్ స్కూలు పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఒక్క బిట్టు కూడా ఖాళీగా వదలకూడదు. ఏమీ తోచకపోయినా చివరి రెండు నిమిషాల్లో ఏదో ఒక వృత్తం నింపి రావాలి.

తెలుగు_టీచరమ్మ
వెనుక నుంచి రావడం ఆఖరి దారిగానే పెట్టండి. గోస్తనీ గారి అమ్మాయి చేసిన పొరపాటు సరిగ్గా అదే. చెవి, శబ్దం: గట్టి సంబంధం. అక్కడే దెబ్బ తింది. మొదటి జంటలో మాట తెలియనప్పుడే ఆ దారి పట్టాలి.

అన్యాయం సంగతికి వస్తే, భాగ్యనగరి గారి బాధ నాకు అర్థమైంది. మా బడిలో పొలం పనికి వెళ్లి వచ్చే పిల్లలు ఉన్నారు. వాళ్లకు లిఫ్టు, ఎస్కలేటర్ అని బిట్టు వస్తే వాళ్లూ ఇలాగే నిలబడిపోతారు. పేపరు తయారుచేసేవారు ఇద్దరినీ దృష్టిలో పెట్టుకోవాలి. అంతవరకూ మనం చేయగలిగింది, పిల్లవాడు చూడని సగాన్ని చూపించడం.

ఫౌజీ_ఇల్లు
ఎనిమిదో అంతస్తులో ఉన్నా వంటిల్లు ఉంటుంది కదండీ. మేము ప్రతి రెండేళ్లకూ ఊరు మారేవాళ్లం. పిల్లలకు ఏ ఊరూ సొంతం కాదు, మాటలు అతకవు. వంట చేస్తూ చేస్తూ అడిగేదాన్ని. చల్ల కవ్వంతో చిలుకుతాం, పప్పు దేనితో మెదుపుతాం? పప్పుగుత్తితో. అయితే "చల్ల : కవ్వం :: పప్పు : ?" చెప్పు. మూకుడు, గరిటె. పెనం, అట్లకాడ. జల్లెడకు పిండి అయితే చేటకు ఏమిటి? చేటను మా చిన్నవాడు అప్పటిదాకా చూడలేదు. అమ్మ దగ్గరి నుంచి తెప్పించి బియ్యం చెరిగి చూపించాను. నూకలు ఒక పక్క, బియ్యం ఒక పక్క చేరుతుంటే నోరు తెరుచుకుని చూశాడు. ఇక ఆ మాట మరచిపోలేదు.

భాగ్యనగరి_నాన్న
ఇది మేము చేయగలం. ఈ సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు కాడి కూడా చూపిస్తాను. మా బాబాయి దగ్గర ఇంకా ఒక జత ఎడ్లు ఉన్నాయి.

మదనపల్లె_టమాటా
మా పాప తప్పు పెట్టిన బిట్టు ఒకటి. మీరు ఏమంటారో చెప్పండి.

జల్లు : కుండపోత :: పిల్లగాలి : ?
1. వడగాలి 2. ఈదురుగాలి 3. పైరగాలి 4. విసనకర్ర

పాప వడగాలి పెట్టింది. మా ఊళ్లో ఎండాకాలం వచ్చిందంటే అందరూ భయపడేది దానికే కదా.

పాతకాపు_కోరుకొండ
ఈదురుగాలి. జల్లు చిన్న వాన, కుండపోత పెద్ద వాన. తేడా జోరులో ఉంది. పిల్లగాలికి జోరు పెంచితే ఈదురుగాలి. వడగాలిలో పెరిగేది వేడి. పాప భయం నిజమే గానీ, ఈ బిట్టు దాన్ని అడగలేదు.

లెక్కల_మాస్టారు
దీన్ని మా పట్టికలో "తీవ్రత" అంటాం. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

నవోదయ_ఆశ
మొత్తం 300 మార్కుల్లో లెక్కలకే 150. మేధాశక్తికి 50. అందులో పదాల పోలికలు నాలుగైదు బిట్లు ఉంటాయేమో. దీని మీద ఇంత సమయం పెట్టడం అవసరమా అనిపిస్తోంది. ఆ గంట లెక్కలకు పెడితే మేలు కదా?

ఫౌజీ_ఇల్లు
లెక్కల్లో ఇప్పటికే 45 చేసే పిల్లకు అక్కడ మిగిలింది ఐదు బిట్లే, అవన్నీ రావాలంటే ఒక్క తప్పు కూడా చేయకూడదు. ఇక్కడ 14 నుంచి 20కి వస్తే ఆరు బిట్లు, 12 మార్కులు. సీటు ఒక్క మార్కు తేడాతో పోవడం మా కాలనీలో రెండు ఇళ్లలో చూశాను. పైగా జనరల్, ఓబీసీ పిల్లలకు ప్రతి విభాగంలో 25 శాతం, మొత్తం మీద 40 శాతం రావాలి. ఒక విభాగాన్ని గాలికి వదిలేయడానికి లేదు.

తెలుగు_టీచరమ్మ
మార్కుల లెక్క సరే. ఇంకో మాట కూడా ఉంది. చెవి చేసే పని ఏది, చెవికి అందేది ఏది అని విడదీసి చూడడం వచ్చిన పిల్ల రేపు ఏ పాఠమైనా అలాగే చదువుతుంది. సీటు వచ్చినా రాకపోయినా అది ఆమెతోనే ఉంటుంది. నేను ఇరవై ఏళ్లుగా ఈ బిట్లు ఇష్టంగా చెప్పేది అందుకే.

ఎడిసన్_నుంచి
పిల్లల చేతనే బిట్లు తయారు చేయించండి. మా అమ్మాయి మారింది అప్పుడే. సరైన జవాబు ఒకటి రాసి, తప్పు జవాబులు మూడు ఆలోచించమనేవాణ్ని. ఎదుటివాణ్ని పొరపాటు పడేలా చేసే తప్పు జవాబు వెతికేటప్పుడు, ఆ ఉచ్చు ఎలా పన్నుతారో తనకే తెలిసిపోయింది.

గోస్తనీ_తీరం
పది రోజుల తరువాత వస్తున్నాను. చెయ్యి అడ్డం పెట్టి వాక్యం చెప్పడం రోజూ చేస్తున్నాం. మొదట్లో విసుక్కుంది. నాలుగో రోజు నుంచి తనే పెదవులు కదుపుతూ చెప్పుకుంటోంది. "నువ్వు చెప్పింది కూడా నిజమే, కానీ అడిగింది వేరు" అని చెప్పిన రోజు నా మెడ చుట్టూ చేతులు వేసింది. మొన్న ఆదివారం పేపరులో 25కి 18. పోలికల్లో ఒక్కటే తప్పు, అది కూడా "ఒర" అనే మాట తెలియక. వాళ్ల తాతయ్య గొడుగు తొడుగు చూపించి, కత్తికి ఇలాంటిదే ఉంటుందని చెప్పారు.

ఎడిసన్ గారు చెప్పినట్టు తన చేత ఒక బిట్టు రాయించాను. మీ పిల్లలకు ఇమ్మంది.

కత్తి : ఒర :: బాణం : ?
1. విల్లు 2. అంబులపొది 3. నారి 4. గురి

నవోదయ_ఆశ
మావాడు విల్లు అన్నాడు.

భాగ్యనగరి_నాన్న
మావాడు చేత్తో జవాబులు మూసి, "కత్తిని వాడనప్పుడు ఒరలో పెడతారు, బాణాన్ని వాడనప్పుడు..." అని ఆగాడు. "ఆ సంచి పేరు ఏమిటి నాన్నా, వీపు మీద ఉంటుంది" అన్నాడు. చెయ్యి తీసి చూపించాను. అంబులపొది అనే మాట ఎప్పుడూ వినలేదట, అయినా మిగతా మూడూ కాదని దాన్నే పెట్టాడు.

గోస్తనీ_తీరం
మా అమ్మాయికి చెప్పాను. విల్లు కావాలనే మొదట పెట్టిందట. రేపు ఇంకో రెండు బిట్లు పంపుతానంటోంది.